వాడని యూనిట్‌కు లెక్క

వ్యాపార సంస్థ జమాఖర్చుల్లో జీతాలకు, ముడిసరుకుకు, వడ్డీకి, అద్దెకు ఒక్కొక్కదానికి జవాబు చెప్పే అధికారి ఒకరు ఉంటారు గానీ, కరెంటు, డీజిలు, బొగ్గు, గ్యాసుల మీద అయ్యే ఖర్చుకు చాలాచోట్ల అలాంటి బాధ్యులు కనబడరు. నెలాఖరున వచ్చిన బిల్లును అకౌంట్స్ విభాగం చెల్లిస్తుంది, యంత్రాలను మెయింటెనెన్స్ విభాగం నడుపుతుంది, కొత్త యంత్రాలను కొనుగోలు విభాగం తెప్పిస్తుంది. ఆ బిల్లు అంత ఎందుకు వచ్చిందో, అందులో ఎంత భాగం పనికి వచ్చిందో, ఎంత వృథాగా పోయిందో మొత్తంగా చూసే బాధ్యత మాత్రం ఈ మూడింటి మధ్య ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది. పైగా ఈ ఖర్చుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. వాడిన యూనిట్‌ను మీటరు చూపిస్తుంది, వాడకుండా మిగిల్చిన యూనిట్‌ను మాత్రం ఏ మీటరూ చూపించదు. దాన్ని లెక్క కట్టి నిరూపించవలసిందే. కంటికి కనబడని ఈ పొదుపును కొలవడానికి, నిలబెట్టడానికి, పెంచడానికి ఏర్పడిన విద్యే ఇంధన నిర్వహణ. దీనికి చట్టం హద్దులు గీస్తుంది, ప్రమాణాలు పద్ధతి చెబుతాయి, శిక్షణ ఆ పద్ధతిని ఆచరించగల మనుషులను తయారు చేస్తుంది. ఈ మూడింటిలో చివరిది లేకపోతే మొదటి రెండూ కాగితాల మీదే ఉండిపోతాయి.

బిల్లులోని అరలు

ఇంటికి వచ్చే కరెంటు బిల్లులో ప్రధానంగా వాడిన యూనిట్ల ధరే ఉంటుంది. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల ఉపకరణం గంటసేపు నడిస్తే ఖర్చయ్యే విద్యుత్తు. అయితే హోటళ్లు, ఆసుపత్రులు, మాల్స్, కర్మాగారాలు తీసుకునే హెచ్.టి. (అధిక వోల్టేజీ) కనెక్షన్ల బిల్లు ఇంత సులువుగా ఉండదు. సంస్థ తనకు ఒకేసారి ఎంత భారం అవసరమవుతుందో ముందుగా విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కంతో ఒప్పందం చేసుకుంటుంది. దీన్ని కాంట్రాక్టెడ్ మాగ్జిమమ్ డిమాండ్ అంటారు, కె.వి.ఎ. అనే కొలతలో చెబుతారు. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పందంలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద డిమాండ్ చార్జీ పడుతుంది. 500 కె.వి.ఎ.కు ఒప్పందం చేసుకుని 300 మాత్రమే వాడిన సంస్థ 400కు డబ్బు కడుతుందన్నమాట. ఏ యంత్రమూ వాడుకోని ఆ 100 కె.వి.ఎ.కు ప్రతినెలా చెల్లింపు జరుగుతూనే ఉంటుంది.

పవర్ ఫ్యాక్టర్ దీనికి తోడయ్యే రెండో అర. మోటార్లు, పాత చోకు ట్యూబులైట్ల వంటివి తీగల్లో ప్రవహింపజేసే విద్యుత్తు మొత్తాన్నీ పనిగా మార్చవు. కొంత భాగం అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. నిజంగా పనిచేసే విద్యుత్తుకూ, తీగల్లో నడిచే మొత్తానికీ మధ్య ఉన్న నిష్పత్తే పవర్ ఫ్యాక్టర్. 400 కిలోవాట్ల పని చేయించుకునే సంస్థలో ఈ నిష్పత్తి 0.8 ఉంటే డిమాండ్ 500 కె.వి.ఎ.గా నమోదవుతుంది, తగిన కెపాసిటర్లు పెట్టి దాన్ని 0.98కి తెస్తే అదే పనికి డిమాండ్ సుమారు 408 కె.వి.ఎ.కు దిగుతుంది. ఒక్క దీపం ఆర్పకుండా, ఒక్క యంత్రం ఆపకుండా బిల్లు తగ్గే ఇలాంటి మార్గాలు బిల్లును చదవడం వచ్చినవారికి మాత్రమే కనబడతాయి. అందుకే ఇంధన నిర్వహణ శిక్షణ సాధారణంగా యంత్రాల గదిలో కాకుండా పాత బిల్లుల కట్టతో మొదలవుతుంది.

చట్టం చూపిన దారి

ఇంధనాన్ని పొదుపుగా వాడటం ప్రభుత్వాలు పట్టించుకోవలసిన విషయమన్న స్పృహ 1973 నాటి చమురు సంక్షోభంతో బలపడింది. అమెరికాలో ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం భవనాల ఇంధన వినియోగానికి సంబంధించిన 90వ నంబరు ప్రమాణాన్ని 1975లో వెలువరించింది. ప్రపంచంలోని అనేక భవన నియమావళులకు అది మాతృక అయింది. 1977లో అక్కడే ఏర్పడిన అసోసియేషన్ ఆఫ్ ఎనర్జీ ఇంజనీర్స్ 1981 నుంచి సర్టిఫైడ్ ఎనర్జీ మేనేజర్ అనే యోగ్యతాపత్రాన్ని ఇస్తూ, ఇంధన నిర్వహణను ఒక ప్రత్యేక వృత్తిగా నిలబెట్టింది.

భారతదేశంలో దీనికి చట్టరూపం వచ్చింది ఇంధన పొదుపు చట్టం–2001తో. ఆ చట్టం కింద 2002 మార్చి 1న కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే వాడుకలో బి.ఇ.ఇ., ఏర్పడింది. ఫ్రిజ్‌ల మీద, ఏసీల మీద కనబడే నక్షత్రాల చీటీ ద్వారా సామాన్యులకు పరిచయమైన ఈ సంస్థ బాధ్యత గృహోపకరణాలతో ఆగలేదు. ఎక్కువ ఇంధనం వాడే పరిశ్రమలను, సంస్థలను నిర్దేశిత వినియోగదారులుగా ప్రకటించే అధికారాన్ని చట్టం కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఇలా ప్రకటించిన సంస్థ అర్హత గల ఎనర్జీ మేనేజరును నియమించుకోవాలి, ఏటా తన వినియోగ వివరాలను సమర్పించాలి, గుర్తింపు పొందిన ఎనర్జీ ఆడిటరుతో నిర్ణీత కాలానికి ఒకసారి తనిఖీ చేయించుకోవాలి. ఎనర్జీ ఆడిట్ అంటే ఇంధనం ఎక్కడెక్కడ ఎంత వాడుతున్నారో కొలిచి, విశ్లేషించి, తగ్గించే మార్గాలను వాటికయ్యే ఖర్చుతో, వచ్చే లాభంతో, అమలు ప్రణాళికతో సహా నివేదించడం. దుబారా చేసినవారిని పట్టుకోవడం దీని పని కాదు గనుక, లెక్కల ఆడిట్‌కు భయపడినట్టు దీనికి భయపడవలసిన అవసరం ఉండదు.

పరిశ్రమల్లో ఈ చట్టం ఫలితాన్ని చూపిన పథకం 2012లో ఆరంభమైన పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్. పొట్టిగా పాట్ అంటారు. ఒక టన్ను సిమెంటుకు, ఒక టన్ను ఉక్కుకు ఎంత ఇంధనం ఖర్చవుతోందో లెక్కగట్టి, దాన్ని మూడేళ్లలో ఇంత మేరకు తగ్గించాలని ఒక్కొక్క కర్మాగారానికి విడివిడిగా లక్ష్యం పెట్టడం దీని పద్ధతి. లక్ష్యాన్ని మించి పొదుపు చేసిన కర్మాగారానికి మిగులు మేరకు సర్టిఫికెట్లు లభిస్తాయి. లక్ష్యం అందుకోలేనిది వాటిని కొనుక్కోవాలి. ఎనిమిది రంగాలకు చెందిన 478 సంస్థలతో నడిచిన తొలి విడతలో సుమారు 66.9 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనాన్ని ఆదా చేయాలన్నది లక్ష్యం కాగా, సాధించినది 86.7 లక్షల టన్నులు. బొగ్గు, గ్యాసు, కరెంటు వంటి రకరకాల ఇంధనాలను ఒకే తూకంలో చూపడానికి టన్ను చమురు అనే ఈ కొలత వాడతారు. ఒక టన్ను చమురులోని వేడి 11,630 యూనిట్ల విద్యుత్తుకు సమానం. వాడని ఇంధనానికి సంతలో ధర పలకడం ఈ పథకం తెచ్చిన అసలైన మార్పు. ధర పలకాలంటే లెక్క నమ్మదగినదై ఉండాలి కాబట్టి, కొలిచేవారి అవసరం కూడా దానితోపాటే పెరిగింది.

గోడలకూ కిటికీలకూ నియమావళి

కర్మాగారంలో యంత్రం పాతబడితే మార్చుకోవచ్చు గానీ, భవనాన్ని ఒకసారి కట్టాక దాని దిక్కును, గోడల మందాన్ని, అద్దాల విస్తీర్ణాన్ని మార్చడం దాదాపు అసాధ్యం. పడమటి ఎండకు నిలువెత్తు అద్దం పెట్టి కట్టిన కార్యాలయం, అది నిలిచి ఉన్నన్ని దశాబ్దాలూ ఆ తప్పుకు ఏసీ బిల్లు రూపంలో మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది. ఇందులో మరో చిక్కు కూడా ఉంది. అద్దెకిచ్చే వాణిజ్య భవనాలను కట్టేవారు ఒకరు, వాటిలో ఉండి కరెంటు బిల్లు కట్టేవారు మరొకరు. మెరుగైన అద్దానికి, పైకప్పు మీది ఉష్ణ నిరోధక పొరకు పెట్టుబడి పెట్టవలసింది నిర్మాత అయితే, దాని లాభం అద్దెదారుకు పోతుంది. ఈ స్థితిలో బజారు తనంతట తాను మంచి భవనాలను ఇవ్వలేదు గనుక నియమావళి అవసరమయింది.

2007లో బి.ఇ.ఇ. రూపొందించిన ఎనర్జీ కన్సర్వేషన్ బిల్డింగ్ కోడ్ ఈ లోటును తీర్చే ప్రయత్నం. 100 కిలోవాట్లు లేదా అంతకు మించిన అనుసంధానిత భారం, లేదా 120 కె.వి.ఎ.కు తగ్గని ఒప్పంద డిమాండ్ ఉన్న వాణిజ్య భవనాలకు ఇది వర్తిస్తుంది. గోడలు, పైకప్పు, కిటికీలతో కూడిన భవనపు పైతొడుగు మొదలుకొని శీతలీకరణ, వెలుతురు, విద్యుత్ వ్యవస్థలు, సౌరవిద్యుత్తుకు చోటు వరకూ కనీస ప్రమాణాలు నిర్దేశిస్తుంది. 2017లో సవరించినప్పుడు దీన్ని మూడు మెట్లుగా మార్చారు: మొదటి మెట్టు చేరిన భవనం సాధారణ భవనంతో పోలిస్తే కనీసం 25 శాతం, రెండోది 35 శాతం, మూడోది 50 శాతం ఇంధనాన్ని ఆదా చేయాలన్నది ఉద్దేశం. 2022లో జరిగిన చట్ట సవరణ ఈ నియమావళి పరిధిని పెద్ద నివాస సముదాయాల వరకూ విస్తరించడానికి, ఇంధనంతోపాటు సుస్థిరతకు సంబంధించిన ఇతర అంశాలనూ చేర్చడానికి, కర్బన ఉద్గారాల సర్టిఫికెట్ల వ్యాపారానికి దారి తెరిచింది.

నియమావళి దేశాన్ని శీతోష్ణస్థితిని బట్టి ఐదు మండలాలుగా విభజించింది: ఉష్ణ–శుష్క, ఉష్ణ–ఆర్ద్ర, మిశ్రమ, సమశీతోష్ణ, శీతల మండలాలు. ఈ విభజనలో హైదరాబాదు మిశ్రమ మండలంలోకి, సముద్రపు తేమ నిండిన విశాఖపట్నం ఉష్ణ–ఆర్ద్ర మండలంలోకి వస్తాయి. వేడితోపాటు తేమనూ తొలగించవలసి రావడం వల్ల విశాఖలోని ఏసీకి పని ఎక్కువ. అందుచేత రెండు నగరాల్లోని కార్యాలయాలను ఒకే కొలబద్దతో కొలవడం న్యాయం కాదు. భవనాల కొలబద్ద పేరు ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్: ఏడాదిలో వాడిన యూనిట్లను భవన విస్తీర్ణపు చదరపు మీటర్లతో భాగిస్తే వచ్చే సంఖ్య. 2009లో కార్యాలయ భవనాలకు మొదలైన స్టార్ రేటింగ్ పథకంలో సగానికి పైగా ఏసీ ఉన్న కార్యాలయం ఐదు నక్షత్రాలు పొందాలంటే మిశ్రమ మండలంలో ఈ సంఖ్య 90 లోపు, ఉష్ణ–ఆర్ద్ర మండలంలో 100 లోపు ఉండాలని నిర్దేశించారు. పన్నెండు నెలల బిల్లులు, భవనపు ప్లాను చేతిలో ఉంటే ఏ సంస్థ అయినా అరగంటలో వేసుకోగల లెక్క ఇది.

తెలుగు నేలకు ఈ చరిత్రలో చెప్పుకోదగ్గ స్థానం ఉంది. హైదరాబాదులోని సి.ఐ.ఐ.–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం 2003లో అమెరికా హరిత భవన మండలి వారి లీడ్ ప్లాటినం రేటింగును, ఆ దేశం వెలుపల తొలిసారిగా పొందింది. 2004 జులై 14న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. నడిమి ప్రాంగణం చుట్టూ గదులు, బయటి గాలిని చల్లబరచి లోపలికి పంపే గాలి గోపురాలు, పైకప్పు మీద పచ్చిక గల ఆ నిర్మాణంలో మండువా లోగిలి ఎరిగిన తెలుగువారికి పరిచయమైన ఛాయలు కనబడతాయి. రాష్ట్ర విభజనకు కొద్ది నెలల ముందు, 2014 జనవరిలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్ర నియమావళిని స్థానిక పరిస్థితులకు అనుగుణంగా మలచి ఉత్తర్వులు ఇచ్చింది. విద్యుత్ భారంతోపాటు 1000 చదరపు మీటర్ల స్థలం, 2000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం అనే గీటురాళ్లను కూడా చేర్చడం అందులో ప్రత్యేకత. ఎందుకంటే నిర్మాణ అనుమతి ఇచ్చే పురపాలక అధికారికి భవనం ఎంత కరెంటు వాడబోతోందో తెలియకపోవచ్చు గానీ, దాని విస్తీర్ణం ప్లానులోనే కనబడుతుంది. తెలంగాణ 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఈ దిశలో మరో అడుగు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతలు, పలకలతో పైకప్పు వేడిని తగ్గించడం దీని ఉద్దేశం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు దీన్ని తప్పనిసరి చేశారు. వేసవిలో మిద్దె మీద సున్నం కొట్టించే పాత అలవాటు వెనుక ఉన్న శాస్త్రమే ఇక్కడ విధానంగా మారింది.

బిల్లు పెరిగినా పొదుపే

నియమావళి భవనాన్ని ఎలా కట్టాలో చెబుతుంది. కట్టిన తరువాత దాన్ని రోజూ ఎలా నడపాలన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానంగా జెనీవాలోని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2011లో ఐ.ఎస్.ఓ. 50001 అనే ఇంధన నిర్వహణ ప్రమాణాన్ని వెలువరించి, 2018లో సవరించింది. ఇన్ని యూనిట్లు తగ్గించాలని గాని, ఫలానా యంత్రం కొనాలని గాని ఈ ప్రమాణం ఎక్కడా చెప్పదు. యోచన, ఆచరణ, పరిశీలన, సవరణ అనే నాలుగు దశలు చక్రంలా తిరుగుతూ ఉండే క్రమశిక్షణను సంస్థలో నెలకొల్పమని కోరుతుంది. నాణ్యత రంగంలో వాల్టర్ షూహార్ట్ ఆలోచనల నుంచి పుట్టి ఎడ్వర్డ్స్ డెమింగ్ ద్వారా ప్రసిద్ధమైన పద్ధతి ఇది.

ఆచరణలో మొదటి పని ఇంధన సమీక్ష: ఏయే ఇంధనాలు, ఏయే పనులకు, ఎంతెంత వాడుతున్నారో గుర్తించడం. అప్పుడు వంద చోట్ల జరిగే వినియోగంలో పెద్దభాగం నాలుగైదు చోట్లే జరుగుతోందని తేలుతుంది. వీటిని ప్రధాన వినియోగాలు అంటారు. హోటల్లో ఏసీకి చల్లటి నీటిని అందించే చిల్లర్లు, వేడినీళ్లు, వంటగది, లాండ్రీ ఈ కోవలోకి రావచ్చు. తరువాతది ఆధార రేఖ. ఇకముందు జరిగే మార్పును దేనితో పోల్చాలో చెప్పే ప్రారంభ స్థితి ఇది, ఈ విద్య మొత్తానికీ కీలకం కూడా ఇదే.

ఒక ఊహాత్మక హోటలును ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. గత రెండేళ్ల బిల్లులను, నిండిన గదుల లెక్కతో కలిపి చూసినప్పుడు, అతిథులు ఉన్నా లేకపోయినా నెలకు 40,000 యూనిట్లు ఖర్చవుతున్నాయని, ఆ పైన గది నిండిన ప్రతి రాత్రికీ 20 యూనిట్లు అదనంగా పడుతున్నాయని తేలిందనుకుందాం. నిరుడు ఒక నెలలో 2,000 గది–రాత్రులు నిండగా 80,000 యూనిట్లు వాడారు. పొదుపు చర్యలు చేపట్టాక ఈ ఏడు అదే నెలలో 2,500 గది–రాత్రులు నిండి, వాడకం 84,000 యూనిట్లకు చేరింది. బిల్లు మాత్రమే చూసే యజమానికి పొదుపు చర్యలు విఫలమైనట్టు తోస్తుంది. ఆధార రేఖ ప్రకారం ఆ 2,500 రాత్రులకు 90,000 యూనిట్లు కావలసి ఉండగా 84,000తో సరిపోయింది గనుక, నిజానికి 6,000 యూనిట్లు ఆదా అయ్యాయి. దీనికి విరుద్ధంగా, వ్యాపారం మందగించి 1,500 రాత్రులే నిండిన నెలలో వాడకం 74,000 యూనిట్లుగా ఉంటే, నిరుటికన్నా 6,000 తగ్గిందని సంతోషించడానికి వీల్లేదు. 70,000తో సరిపోవలసిన చోట 4,000 యూనిట్లు వృథా అయ్యాయి. ఎండ తీవ్రత, ఉత్పత్తి పరిమాణం, పనివేళలు వంటి మార్పులను ఇలా లెక్కలోకి తీసుకుని పోల్చడాన్ని సాధారణీకరణ అంటారు. 2018 సవరణ దీనికి ప్రాధాన్యం పెంచింది.

సాధించిన పొదుపును కొలిచి ధ్రువీకరించడానికి అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న ఐ.పి.ఎం.వి.పి. అనే పద్ధతి సంపుటి నాలుగు మార్గాలు సూచిస్తుంది. మార్చిన యంత్రం ఒక్కదానికే మీటరు పెట్టి ముఖ్యమైన ఒక కొలతనే చూడటం మొదటిది, దాని కొలతలన్నింటినీ చూడటం రెండోది; భవనం మొత్తం మీటరును ఆధారం చేసుకోవడం మూడోది, కంప్యూటరు నమూనాతో పోల్చడం నాలుగోది. సొంతంగా పెట్టుబడి పెట్టి సంస్థలో పొదుపు సాధించి, ఆ పొదుపులోంచి తన వాటా రాబట్టుకునే ఇంధన సేవా కంపెనీలు ఇలాంటి అంగీకృత లెక్క లేకుండా నిలబడలేవు. ఎంత మిగిలిందన్న దగ్గరే ఇరుపక్షాలకూ వివాదం వస్తుంది.

చెవితో, చేతితో నేర్చే విద్య

దేశంలో ఎనర్జీ మేనేజర్లకు, ఆడిటర్లకు బి.ఇ.ఇ. 2004 నుంచి జాతీయ స్థాయి పరీక్ష నిర్వహిస్తోంది. ఇంజనీరింగ్ పట్టభద్రులకు మూడేళ్ల, డిప్లొమా పొందినవారికి ఆరేళ్ల సంబంధిత అనుభవం ఉండాలన్న నిబంధనను గమనిస్తే, ఇది కాలేజీ నుంచి నేరుగా వచ్చినవారికి ఉద్దేశించినది కాదని అర్థమవుతుంది. ఇంధన నిర్వహణ, ఆడిట్‌ల సామాన్యాంశాలు మొదటి పేపరు. బాయిలర్లు, కొలుములు, ఆవిరి గొట్టాల వంటి ఉష్ణ వ్యవస్థలు రెండోది. మోటార్లు, పంపులు, ఫ్యాన్లు, కంప్రెసర్లు, ఏసీ, వెలుతురు వంటి విద్యుత్ వ్యవస్థలు మూడోది. ఈ మూడూ ప్యాసైతే ఎనర్జీ మేనేజర్ అర్హత వస్తుంది. ఆడిటర్ కాదలచినవారు, పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయగల నాలుగో పేపరులో, యంత్రాల పనితీరును లెక్కగట్టే సామర్థ్యాన్ని కూడా నిరూపించుకోవాలి. ప్రతి పేపరులోనూ కనీసం 50 శాతం మార్కులు రావాలి.

ఈ శిక్షణలో నేర్పే విషయాలు కొన్ని చూడటానికి చిన్నవిగా ఉన్నా, ఫలితంలో పెద్దవి. ఫ్యాన్లు, సెంట్రిఫ్యూగల్ పంపులు తీసుకునే విద్యుత్తు వాటి వేగపు ఘనంతో మారుతుందన్నది అలాంటి ఒక సూత్రం. వేగాన్ని 100 నుంచి 80 శాతానికి తగ్గిస్తే గాలి ఐదో వంతే తగ్గుతుంది గానీ, కరెంటు సిద్ధాంతరీత్యా 51 శాతానికి, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. ఈ సూత్రం తెలియని చోట ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతూ దారిలో తలుపు అడ్డం పెట్టి గాలిని తగ్గిస్తారు. పంపు పూర్తిగా నడుస్తుండగా మిగులు నీటిని మళ్లీ తొట్టిలోకే వదులుతారు. నీళ్లు తోడి, సగం తిరిగి బావిలో పోసే ఈ పనికి ప్రతినెలా బిల్లు వస్తూనే ఉంటుంది. మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్ బిగిస్తే ఆ వృథా ఆగుతుంది.

కంప్రెసర్ల పాఠం మరింత ఆసక్తికరం. కర్మాగారాల్లో గాలిని నొక్కిపెట్టి గొట్టాల ద్వారా పంపి పనిముట్లు నడుపుతారు. అది కరెంటు ఖర్చుతో తయారయ్యే సరుకే అయినా, గాలి ఉచితమన్న భావన వల్ల లీకులను ఎవరూ లెక్కచేయరు. సెలవురోజున పనిముట్లన్నీ ఆపి, కంప్రెసరును మాత్రం నడిపి, అది ఎంతసేపు గాలి నింపుతోందో, ఎంతసేపు ఖాళీగా తిరుగుతోందో గడియారం పట్టుకుని రాసుకుంటే చాలు, లీకు ఎంతో బయటపడుతుంది. పది నిమిషాల చక్రంలో ఒకటిన్నర నిమిషం నింపుతూ ఉంటే, కంప్రెసరు సామర్థ్యంలో 15 శాతం గాలి ఎవరికీ ఉపయోగపడకుండా కన్నాల గుండా పోతోందన్నమాట. ఆ నిశ్శబ్దంలో గొట్టాల వెంట నడిస్తే బుస్సుమనే శబ్దమే ఏ కన్నం ఎక్కడుందో చెబుతుంది. దీనికి కావలసింది ఒక గడియారం, సబ్బు నీళ్లు, శ్రద్ధగా వినే చెవి. అవసరానికి మించిన పీడనాన్ని ఒక బార్ మేర తగ్గించినా కంప్రెసరు కరెంటులో సుమారు 6 నుంచి 7 శాతం కలిసివస్తుంది.

భవనాల్లో ఏసీ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బి.ఇ.ఇ. చెబుతోంది, స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారు కావాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. కేంద్రీకృత చిల్లర్లు ఉన్న భవనంలో ఆపరేటరుకు తెలియవలసిన కొలత ఒక టన్ను శీతలీకరణకు ఎన్ని కిలోవాట్లు ఖర్చవుతున్నాయన్నది. కండెన్సర్ గొట్టాల్లో పొలుసు పేరుకున్న కొద్దీ ఈ సంఖ్య మెల్లగా పైకి పాకుతుంది. రోజూ ఒకే వేళకు రాసే లాగ్‌బుక్కులో ఆ పాకుడు కనబడుతుంది. అయితే చాలాచోట్ల ఆ పుస్తకాన్ని నింపేవారు ఉంటారు గానీ చదివేవారు ఉండరు. ఐ.ఎస్.ఓ. 50001 మేనేజర్ల అర్హతతో ఆగకుండా, ప్రధాన వినియోగాలను ప్రభావితం చేసే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు మీద పనిచేసేవారితో సహా, తగిన సామర్థ్యం, అవగాహన ఉండాలని కోరడానికి కారణం ఇదే. చిల్లరును నడిపేది పరీక్ష ప్యాసైన ఇంజనీరు కాదు, రాత్రి షిఫ్టులోని ఆపరేటరు. అతనికి అర్థమయ్యే భాషలో, అతని యంత్రం మీదే ఇచ్చే రెండు గంటల తర్ఫీదు ఏ సమావేశ మందిరపు ఉపన్యాసం కన్నా విలువైనది. ఈ రకమైన బోధనా సామగ్రి తెలుగులో విస్తరించవలసిన అవసరం ఇక్కడే కనబడుతుంది.

జారిపోయే పొదుపు

ఇంత ఏర్పాటు ఉన్నా లోటుపాట్లు లేకపోలేదు. చట్టం కింద నియమించవలసిన ఎనర్జీ మేనేజర్ పదవిని అనేక బాధ్యతలున్న అధికారికి అదనపు హోదాగా తగిలించడం, ఆడిట్ నివేదికను అందుకుని బీరువాలో పెట్టడం, ప్లానులో నియమావళిని పాటించినట్టు చూపి నిర్మాణంలో చవక అద్దం బిగించడం వంటివి ఎక్కడైనా జరగడానికి వీలున్న విషయాలు. యోగ్యతాపత్రం కూడా పద్ధతి ఉన్నదని చెబుతుంది గానీ, పద్ధతి ఫలించిందని దానంతట అదే చెప్పదు. చిన్న పరిశ్రమల కష్టం వేరు: రైసు మిల్లు, ఇటుకల బట్టీ, శీతల గిడ్డంగి వంటివాటికి ప్రత్యేక మేనేజరును పెట్టుకునే స్తోమత ఉండదు, రోజువారీ ఉత్పత్తి ఆపి కొలతలు తీసుకునే తీరిక ఉండదు. ఒకే ప్రాంతంలోని ఒకే రకం యూనిట్లు కలిసి ఒక ఆడిటరు సేవను పంచుకోవడం ఇలాంటి చోట ఆచరణ సాధ్యమైన మార్గం.

అన్నింటికన్నా సూక్ష్మమైన సమస్య, సాధించిన పొదుపు మెల్లగా జారిపోవడం. ఎవరో ఉక్కపోస్తోందంటే ఏసీ సెట్టింగు రెండు డిగ్రీలు దిగుతుంది, మళ్లీ పైకి వెళ్లదు. పండుగ రద్దీకి పెంచిన పనివేళలు టైమరులో అలాగే ఉండిపోతాయి. మూసిన లీకు పక్కన కొత్త లీకు పుడుతుంది. విషయం తెలిసిన ఇంజనీరు మరో ఉద్యోగానికి వెళ్తే అతనితోపాటే ఆ జ్ఞానమూ వెళ్లిపోతుంది. వీటిలో ఏ ఒక్కటీ తప్పుగా కనబడేంత పెద్దది కాదు, అన్నీ కలిస్తే మాత్రం రెండు మూడేళ్లలో సంస్థ మొదటికి వస్తుంది. అంతర్గత తనిఖీ, యాజమాన్య సమీక్ష వంటి వాటిని ప్రమాణం పట్టుబట్టి అడగడం చాదస్తంలా కనబడినా, ఒక వ్యక్తి తెలివిని సంస్థ అలవాటుగా మార్చడానికి మరో ఉపాయం లేదు.

ఏ సంస్థ అయినా ఈ దారిలో తొలి అడుగు వేయడానికి ఉత్తర్వు రానవసరం లేదు, యంత్రం కొననవసరం లేదు. మూడేళ్ల బిల్లులను ఒక చోట చేర్చి, ప్రతినెలా వాడిన యూనిట్ల పక్కన ఆ నెల ఉత్పత్తినో, నిండిన గదులనో, చికిత్స పొందిన రోగులనో రాసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, వాటి నడుమగా ఒక గీత గీస్తే ఆధార రేఖ తయారవుతుంది. కొన్ని చుక్కలు గీతకు దిగువన పడతాయి. ఆ నెలల్లో సిబ్బంది తమకు తెలియకుండానే చేసిన మంచి పని ఏదో ఉండే ఉంటుంది. కొన్ని పైన పడతాయి. ఆ నెలల్లో ఏం జరిగిందో లాగ్‌బుక్కు తెరిచి, ఆపరేటరును పిలిచి అడగవలసి ఉంటుంది. ఆ ప్రశ్న అడగడం ఒకరి ఉద్యోగ బాధ్యతగా మారిన రోజున, మీటరు ఏనాడూ చూపించని యూనిట్లు ఆ సంస్థ జమాఖర్చుల పుస్తకంలోకి ఎక్కడం మొదలవుతుంది.